ప్రాణమిచ్చే పొగ: నైట్రిక్ ఆక్సైడు

మెరుపు మెరిసినప్పుడు గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నైట్రిక్ ఆక్సైడు ఏర్పడుతుంది. మోటారుబండ్ల పొగలోనూ ఇది ఉంటుంది. ఇట్టి వాయువును పసికందుకు పీల్పించడం వింతగానే తోస్తుంది. అయితే మన రక్తనాళాల లోపలి పొర దీనిని కొద్దికొద్దిగా సదా తయారు చేస్తూనే ఉంటుంది. నాళాలను సడలించే సంకేతం ఇదే. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

కొందరు శిశువులకు పుట్టిన తరువాత కూడా ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకొనే ఉంటాయి. శ్వాసయంత్రం ఎంత ఆమ్లజని పంపినా రక్తానికి చాలినంత అందదు. అప్పుడు ఆ గాలిలో నైట్రిక్ ఆక్సైడు కలుపుతారు. మోతాదు సాధారణంగా పది లక్షల పాళ్లలో 20 పాళ్లు. రక్తంలో చేరగానే హిమోగ్లోబిన్ దీనిని పట్టి నిర్వీర్యం చేస్తుంది. కనుక ఊపిరితిత్తుల నాళాలే సడలుతాయి. దేహమంతటా రక్తపుపోటు పడిపోదు. నెలలు నిండిన, దాదాపు నిండిన శిశువులకు ఈ చికిత్సను అమెరికా 1999లో అనుమతించింది.

మరి ప్రమాదమెక్కడ? మొదటిది, ఈ వాయువు ఆమ్లజనితో కలిసి నైట్రోజన్ డయాక్సైడు అవుతుంది. అది ఊపిరితిత్తులకు విషం. ఈ చర్య వేగం నైట్రిక్ ఆక్సైడు గాఢత వర్గాన్ని అనుసరిస్తుంది. అనగా గాఢత రెట్టింపైతే వేగం నాలుగింతలు. అందుచేత మోతాదును తక్కువగా ఉంచి, శిశువు పీల్చే గాలిలో రెండు వాయువులనూ ఎడతెగక కొలుస్తారు.

రెండవది, హిమోగ్లోబిన్ మెట్‌హిమోగ్లోబిన్‌గా మారడం. దీనికి ఆమ్లజనిని మోసే శక్తి లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల బావినీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసినదే. పలుచోట్ల నైట్రేటు కూడా లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. ఆ నీటితో పాలు కలిపి పట్టిన శిశువు నీలబడడానికి కారణం ఈ మార్పే. వేలికి తగిలించే ఆక్సిమీటరు దీనిని సరిగా చూపలేదు; రక్తపరీక్ష తప్పదు.

మూడవది, చికిత్సను హఠాత్తుగా ఆపడం. బయటనుంచి వాయువు అందుతున్నంత కాలం దేహం తన ఉత్పత్తిని తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే నాళాలు మునుపటికంటె గట్టిగా బిగుసుకోవచ్చు. కాబట్టి మెట్టు మెట్టుగా 1 పాలు వరకు దించి ఆపుతారు. ఈ చికిత్సలో ఉన్న శిశువును ఒక ఆసుపత్రినుంచి మరొక ఆసుపత్రికి తరలించేటప్పుడూ ఇదే నియమం. నల్గొండనుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. అంత దారిలో వాయువు ఒక్క నిమిషమైనా ఆగరాదు. అదనపు సిలిండరు బండిలో ఉన్నదో లేదో బయలుదేరకముందే చూసుకోవాలి.