బాలదొంగలు, తొలి జ్ఞాపకాలు

బెంగాల్-నాగపూర్ రైలుమార్గంతో పెరిగిన బిలాస్‌పూర్‌లో తెలుగు కార్మిక కుటుంబాలు ఏనాడో స్థిరపడ్డాయి. అటువంటి కూడలి స్టేషనులో సంచీ దొంగిలించి పట్టుబడిన బాలుణ్ణి ‘ఏమి తీశావు?’ అని అడిగేవారే గాని, ‘నీకు గుర్తున్న మొదటి సంగతి ఏది?’ అని అడిగేవారు అరుదు.

1944లో జాన్ బౌల్బీ లండన్‌లో 44 మంది బాలదొంగల చరిత్రలు ప్రకటించాడు. వారిలో మమకారమెరుగని 14 మందిలో 12 మంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవారే! దొంగతనం లేని మరో 44 మందిలో అట్టివారు ఇద్దరే. లెక్క చిన్నది, ఎడబాటే దొంగను చేస్తుందనడం తొందరపాటు. పైగా మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. గుర్తులేకున్నా ఆ లోటు నడవడిలో నిలిచిపోవచ్చు.

2015 నాటి చట్టం ప్రకారం, పట్టుబడిన బాలుని కుటుంబ పరిస్థితులపై 15 రోజుల్లో బాలన్యాయ మండలికి నివేదిక అందాలి. తల్లి ఎప్పుడు దూరమైందని అడగవలసిన చోటు అదే.