ఆసుపత్రుల మధ్య కంప్యూటరు వార్తలు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చీటీ వ్రాసి రోగిని జిల్లా ఆసుపత్రికి పంపుట గ్రామస్థులు ఎరిగినదే. ఆ చీటీ చేయు పనిని నేడు పలుచోట్ల కంప్యూటర్లు చేయుచున్నవి. రోగి పేరు, వయస్సు, రక్తపరీక్ష ఫలితము క్షణములో ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి చేరును. అయితే చేరినంత మాత్రమున అర్థమైనట్లు కాదు.

చీటీలో దస్తూరి బాగుండకపోయినను వైద్యుడు ఊహించి చదువుకొనగలడు. యంత్రమునకు ఊహ లేదు. ఏ గడిలో ఏమి యుండవలెనో ముందుగనే ఒప్పందము కావలెను. ఇందుకై 1987లో అమెరికాలో హెచ్.ఎల్. 7 అను సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ రూపొందించిన రెండవ పద్ధతి నేటికిని పెక్కు దేశముల ఆసుపత్రులలో వాడుకలో నున్నది. ఇందు సమాచారమును నిలువు గీతలతో గళ్ళుగా విభజింతురు.

పేరు గడిలో ముందు ఇంటిపేరు, పిదప సొంతపేరు ఉండవలెను. ఇది మన తెలుగువారి వాడుకకు చక్కగా అమరినట్లే తోచును. కాని మనలో ఇంటిపేరును పొడి అక్షరముగా వ్రాయువారు కొందరు, చివర చేర్చువారు కొందరు. ఒకచోట "కె. రాములు" అనియు, మరొకచోట "రాములు కె." అనియు నమోదైనచో యంత్రము దృష్టిలో వారు ఇద్దరు మనుష్యులు కావచ్చును. పాత పరీక్షలు ఒకరి పేరున, కొత్తవి మరొకరి పేరున నిలిచిపోవును.

అంతకన్న పెద్ద చిక్కు మరొకటి కలదు. ఈ పద్ధతిలో ప్రతి ఆసుపత్రియు తనకు కావలసిన ప్రత్యేక భాగములను చేర్చుకొనవచ్చును. అందుకొను యంత్రము తనకు తెలియని భాగమును వదలివేయవలెనని నియమము. పాత యంత్రములు కొత్తవానితో కలసి పనిచేయుటకు ఈ ఏర్పాటు అవసరమే. కాని "పెనిసిలిన్ పడదు" అను మాటను పంపినవారు తమ సొంత భాగములో వ్రాసియున్నచో, అవతలి యంత్రము దానిని చదువదు; చదువలేదని చెప్పదు. వార్త ముట్టినదని మాత్రము బదులిచ్చును. మా దృష్టిలో ఇన్నిటిలోను ప్రమాదకరమైనది ఇదియే.

ఇక కొలతల సంగతి. పూర్వము ఊరికొక మానిక ఉండెడిది. 1956లో చట్టము చేసి మెట్రిక్ కొలతలను ప్రవేశపెట్టిన పిదప ఆ గందరగోళము తగ్గినది. వైద్యములో ఇంకను మిగిలియున్నది. రక్తములోని చక్కెరను మన దేశమున డెసిలీటరునకు మిల్లీగ్రాములలో చెప్పుదురు. ఇంగ్లండులో లీటరునకు మిల్లీమోలులలో చెప్పుదురు. ఇచ్చట 126 అన్నను, అచ్చట 7 అన్నను ఒకటే. లండనులో కుమారుని వద్ద ఉండి వచ్చిన తల్లి రిపోర్టులోని 7ను కొలత లేకుండ నమోదు చేసినచో వైద్యుడు అనుమానించును గాని, యంత్రము దానిని ఉన్నదున్నట్లే నిలుపును.

వీనిని సరిదిద్దదలచి నిర్మించిన మూడవ పద్ధతి రెండవదానితో పొసగలేదు; ఆసుపత్రులు పాతదానిని విడువలేదు. అటుపిమ్మట వచ్చినది "ఫైర్". నిప్పుతో దీనికి సంబంధము లేదు; నాలుగు ఆంగ్లాక్షరముల కూర్పు మాత్రమే. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తముగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ పద్ధతినే గైకొన్నది. ఇందు చేరినవారికి 14 అంకెల "ఆభా" సంఖ్య లభించును. చేరుట ఐచ్ఛికము, రికార్డు పంపుటకు రోగి సమ్మతి కావలెను. ఈ సంఖ్యవలన పేర్ల తికమక తగ్గును. పాత యంత్రములలోని సమాచారమును కొత్త పద్ధతికి మార్చుట మాత్రము వేరు పని. అది ఒక్కొక్క ఆసుపత్రిలో విడివిడిగా జరుగవలసినదే.

అందాక ఆసుపత్రికి పోవునపుడు కాగితపు రిపోర్టులను వెంట తీసికొనిపోవలెను. పేరును ప్రతిచోట ఒకే తీరున వ్రాయించుకొనవలెను. పడని మందు ఉన్నచో, కంప్యూటరులో ఉన్నది కదా యని ఊరకుండక, వైద్యునకు నోటితో చెప్పవలెను.