లైబ్రరీలో మనకు మిగిలేది ఎన్ని గంటలు?

"లైబ్రరీకి పోతున్నా" అని మగపిల్లాడంటే ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు. అదే మాట ఆడపిల్ల అంటే చెప్పులేసుకోకముందే ప్రశ్న వస్తుంది: "మళ్లీ ఎన్నింటికొస్తవ్?" ఆ అడగడంలో ప్రేమ లేదని కాదు. కానీ ఆరోజు ఎన్ని పేజీలు చదవాలో తేల్చేది కూడా ఆ ప్రశ్నే!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అమ్మాయిలకు ఈ లెక్క బాగా తెలుసు. 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలయ్యాయి గానీ అంతకుముందు మూడూ వరంగల్ జిల్లాలోవే. పెద్ద లైబ్రరీ అనగానే ఈ ఊళ్లవాళ్లకు గుర్తొచ్చేది హన్మకొండలోని కాకతీయ విశ్వవిద్యాలయమే. 1968లో ఉస్మానియావారి పీజీ సెంటరుగా మొదలై, 1976 ఆగస్టు 19న విశ్వవిద్యాలయమైంది. జనగామవాళ్లకు కాజీపేట దాకా రైలుంది. మానుకోటవాళ్లు వరంగల్ స్టేషన్లో దిగి ఇంకో బస్సెక్కాలి. భూపాలపల్లికి రైలూ లేదు. పరకాల మీదుగా దాదాపు 70 కిలోమీటర్లు బస్సే దిక్కు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఎంత ఊరటో! బస్సు డబ్బుల కోసం అమ్మ పోపుల డబ్బా వెతికే పని తప్పింది. అయితే ఛార్జీ పోయింది గానీ దూరం పోలేదుగా! వంటా, నీళ్లూ చూసుకుని బయల్దేరి, రానూపోనూ నాలుగ్గంటలు బస్సుకే ఇచ్చేశాక చదువుకు మిగిలేది రెండు మూడు గంటలే.

ఆ కాస్త సమయాన్నీ ఎలా వాడుకోవాలో నాకు నేర్పింది మానుకోట నుంచి వచ్చే ఓ అక్క. 1990 దాటాక నేను ఎమ్మే చదివే రోజులవి. చెక్క సొరుగుల్లో వరసగా పేర్చిన కార్డులే మాకు దారి చూపించేవి. "చెల్లె, బీరువాల చుట్టు తిరిగితే పొద్దు గూకుతది. నంబరు పట్టుకో" అనేది. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. చివర 1 చేరిస్తే కవిత్వం, 3 చేరిస్తే కథలూ నవలలూ. అది తెలిశాక ఏ లైబ్రరీలోనైనా తిన్నగా ఆ వరస దగ్గరికే పోవచ్చు. అక్క ఇంకో పని చేసేది. లేచేముందు చివరి పది నిమిషాలు చదవడం ఆపేసి, వచ్చే వారం కావాల్సిన నంబర్లు రాసుకునేది. మళ్లీ వచ్చినప్పుడు వెతుకులాట లేదు, వచ్చిందే పుస్తకం ముందు కూర్చునేది.

అలా నంబర్ల వెంట పోతుంటేనే 'మనకు తెలియని మన చరిత్ర' చేతికొచ్చింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డ ఆడవాళ్లు సొంత నోటితో చెప్పుకున్నవి. పాలకుర్తి ఐలమ్మ అందులో మాట్లాడుతుంది. పాలకుర్తి మా జనగామకు ఎంత దూరమని! బడి మొహం చూడని ఆడవాళ్ల మాట విశ్వవిద్యాలయం బీరువాలో అట్టా, నంబరూ వేసుకుని కూర్చుంది. ఆరోజు నోట్సు రాయనేలేదు. రైలు వేళ దాకా చదువుతూనే ఉన్నాను.

గ్రంథాలయ శాస్త్రంలో పెద్దాయన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు పుస్తకంగా అచ్చేశారు. నాలుగోది పాఠకుల సమయం కాపాడాలన్నది. ఆయన మనసులో భూపాలపల్లి బస్సు ఉండకపోవచ్చు గానీ, ఆ సూత్రం మాత్రం మనకోసమే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు సగం వెతుకులాట ఇంట్లోనే అయిపోతుంది. మన దేశపు విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథాలను 'శోధగంగ'లో పైసా కట్టకుండా ఫోన్లోనే చదవొచ్చు. తెలుగులో రాసినవీ ఉన్నాయి. రాత్రి గిన్నెలు కడిగాక ఓ అరగంట చాలు. అక్కడ దొరకనివి మాత్రం రాసుకుని బయల్దేరండి. పాత పత్రికలకూ, మళ్లీ అచ్చుకు రాని పుస్తకాలకూ ప్రయాణం తప్పదు. విద్యార్థులు కానివాళ్లు ముందే లైబ్రేరియన్‌కు ఉత్తరం రాసి, అనుమతి ఉంటుందో లేదో కనుక్కోవడం మంచిది. తీరా వెళ్లాక వెనక్కి రావడమంటే రోజంతా దండగే కదా.

మరి అసలు ఊరు దాటడమే కుదరనివాళ్లో? ఇంటి పన్ను రశీదు ఓసారి తీసి చూడండి. లైబ్రరీ సెస్సు అని కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే మీ ఊరి గ్రంథాలయం ఎవరో దయతో నడిపేది కాదు, మీ డబ్బుతో నడిచేది. కావాల్సిన పుస్తకం పేరు కాగితం మీద రాసివ్వండి. ఆడవాళ్లు కూర్చోవడానికి చోటుందా, తాళం వేయని టాయిలెట్ ఉందా అని కూడా అడగండి. నవ్వకండి! పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఓర్చుకుని, ఇక కాదని పుస్తకం మూసి వెళ్లిపోయినవాళ్లను నేనెరుగుదును.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీలు, ప్రసంగాలు, పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. నాయకులూ అధికారులూ అక్కడికే వస్తారు. లైబ్రరీ మూసే వేళకు మన ఊరికి బస్సు వేయించమని అడగడానికి అంతకన్నా మంచి వారం దొరకదు. నలుగురు కలిసి వెళ్లండి, కాగితం మీద సంతకాలు పెట్టించుకుని మరీ వెళ్లండి.