డంపింగ్ యార్డు ఎవరి ఇంటి పక్కన?

నగరం శుభ్రంగా ఉండాలంటే చెత్త ఎక్కడికో పోవాలి. ఆ 'ఎక్కడికో' ఎవరి వాడ? ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు వెతికినవారిలో రాబర్ట్ బుల్లార్డ్ ముఖ్యులు. అమెరికాకు చెందిన ఈ నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో నగర ప్రణాళిక, పర్యావరణ విధానాల ప్రొఫెసర్‌గా పనిచేశారు.

1979లో హ్యూస్టన్ నగరంలోని నార్త్‌వుడ్ మేనర్‌లో ఒక ప్రైవేటు కంపెనీ డంపింగ్ యార్డు తలపెట్టింది. అక్కడ 80 శాతానికి పైగా నల్లజాతివారే. చాలామంది సొంత ఇళ్లున్న మధ్యతరగతివారు. కాబట్టి 'పేదల పేట గనుక' అనే వాదన ఇక్కడ నిలవదు. వాళ్ల తరఫున కేసు వేసిన లాయర్ లిండా మెక్‌కీవర్ బుల్లార్డ్, రాబర్ట్ భార్య. నగరం తన చెత్తను ఎక్కడెక్కడ పోస్తోందో తేల్చమని ఆమె భర్తను అడిగారు. ఆయన విద్యార్థులతో కలిసి పాత రికార్డులు తిరగేసి మ్యాపు తయారుచేశారు.

తేలింది ఇదీ: 1930ల నుంచి 1978 దాకా నగరపాలక సంస్థ నడిపిన 5 డంపింగ్ యార్డులూ నల్లజాతి పేటల్లోనే ఉన్నాయి. చెత్త కాల్చే 8 ప్లాంట్లలో 6, ప్రైవేటు యార్డులు 4 ఉంటే 3 అక్కడే. నగర జనాభాలో వాళ్లు మాత్రం దాదాపు నాలుగో వంతు.

అయినా కేసు ఓడిపోయింది. వివక్ష చూపాలన్న ఉద్దేశంతోనే అనుమతి ఇచ్చారని రుజువు కాలేదని కోర్టు తేల్చింది. యార్డు వచ్చింది.

మనం ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. ఉద్దేశం ఫైళ్లలో దొరకదు. ఏ టెండరులోనూ 'మాలపల్లె పక్కన', 'మాదిగవాడ వెనక' అని రాయరు. భూమి చవక, ప్రభుత్వ స్థలం, అభ్యంతరాలు లేవు అని రాస్తారు. ఆ భూమి ఎందుకు చవకైందో, ఎవరి అభ్యంతరం ఎవరి చెవికెక్కలేదో ఫైలు చెప్పదు. మ్యాపు చెబుతుంది.

ఆ పరిశోధనే 1990లో 'డంపింగ్ ఇన్ డిక్సీ' పుస్తకానికి పునాది అయింది. మైనారిటీలు, పేదల మీద పడే కాలుష్య భారాన్ని ప్రభుత్వ సంస్థలు పట్టించుకోవాలని 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వు ఇచ్చారు. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని రద్దు చేశారు. ఉత్తర్వుగా వచ్చిన హక్కు ఒక్క సంతకంతో పోతుంది.

2003లో జూలియన్ అగ్యేమన్, బాబ్ ఎవాన్స్‌లతో కలిసి బుల్లార్డ్ ఇంకో పుస్తకానికి సంపాదకత్వం వహించారు. న్యాయం లేని పచ్చదనం సుస్థిరత కాదన్నది దాని సారం.

మన నగరాలకు స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు ఇస్తోంది. ఆ శుభ్రత కోసం మ్యాన్‌హోల్‌లోకి దిగి చనిపోతున్నది ఎవరో మనకు తెలుసు. చెత్తగుట్టల పక్కన ఎవరు బతుకుతున్నారో మాత్రం వార్డుల వారీగా లెక్క తీయాలి. 2011 జనగణనలో వార్డుల వారీ ఎస్సీ జనాభా ఉంది. యార్డుల జాబితా మున్సిపాలిటీ దగ్గర ఉంటుంది. ఆర్టీఐ దరఖాస్తుతో అడగొచ్చు. రెండింటినీ ఒకే మ్యాపు మీద పెట్టే పని మన విద్యార్థులు మొదలుపెట్టొచ్చు.