చెరువుగట్టున చేజారిన పెండ్లి

శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుడు వంగభాషలో వ్రాసి 1917లో ప్రకటించిన ‘దేవదాసు’ నవలను తెలుగువారు పరాయి సొత్తుగా ఎన్నడును తలంపలేదు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన చిత్రము వెలువడిన పిమ్మట, ప్రేమలో ఓడి గడ్డము పెంచుకొని తిరుగు ప్రతి యువకునికిని మన ఊళ్ళలో ఆ పేరే స్థిరపడిపోయినది. అయితే ఆ పేరుతోపాటు మనకు సంక్రమించినవి మధుపాత్రయు కన్నీరును మాత్రమే. జమీందారు తండ్రి కాదనుటచే పెండ్లి చెడినదని చెప్పి ఊరకుందుము. అది సగము నిజము.

తాల్‌సోనాపూర్ గ్రామమున దేవదాసు కుటుంబమైన ముఖర్జీల భవనము పొరుగుననే అతని బాల్యసఖి పార్వతి ఇల్లు. ఆమెది కన్యాశుల్కము పుచ్చుకొను వంశమని ముఖర్జీలకు చిన్నచూపు. ఆ సంగతి ఎరిగియు పార్వతి ఒకనాటి రాత్రి, లోకనిందకు వెరవక, ఒంటరిగా దేవదాసు గదికి వచ్చి అతని పాదములచెంత ఇంత చోటిమ్మని వేడుకొన్నది. అంతటి సాహసమునకు బదులుగా అతడు మరునాడు తండ్రితో కొద్దిసేపు మాటాడి, కాదనిపించుకొని, కలకత్తాకు వెడలిపోయి, అచ్చటినుండి ఆమెకొక ఉత్తరము వ్రాసెను: నీయందు నాకెన్నడును అంతటి అనురాగము లేదనియు, తలిదండ్రుల మనస్సు నొప్పింపజాలననియు, మీ వంశము మా ఇంటికి తగదనియు దాని సారాంశము. తండ్రిని ఎదిరింపలేకపోతినని ఒప్పుకొనుటకంటె నాకే అక్కరలేదనుట అతని అభిమానమునకు సులువయ్యెను. ఉత్తరము టపాలో పడినది మొదలు అతని మనస్సు నిలువలేదు.

అతడు తిరిగివచ్చునప్పటికి హాతీపోతా జమీందారుతో పార్వతికి సంబంధము కుదిరినది. వరుడు భార్య పోయినవాడు, ఎదిగిన బిడ్డల తండ్రి. చెరువుగట్టున గాలము చేతబట్టి దేవదాసు ఆమెకై కాచియుండెను. తలిదండ్రులను ఎట్లో ఒప్పించెదనన్నాడు. నీకు తలిదండ్రులున్నట్లే నాకును లేరా, వారి సమ్మతి అక్కరలేదా అని పార్వతి అడిగినది. నీకు రూపమున్నది గాని గుణము లేదు, నాకు రెండును కలవన్నది. ఇంత అహంకారము తగదని అతడు, నీకు తగినది నాకేల తగదని ఆమె. మాట మీద మాట పెరిగి, చంద్రునికైనను మచ్చ ఉన్నదని పలుకుచు, అతడు గాలపుకర్రతో ఆమె నుదుట కొట్టెను. రక్తము చిమ్మినది. ఆ వెనువెంటనే తన చొక్కా చింపి, తడిపి, కట్టు కట్టినవాడును అతడే. ఇంటికి పోయిన పార్వతి, రేవున జారిపడితినని చెప్పినది.

ఆ గడియకు పెండ్లి జరిగిపోలేదు, ముహూర్తమింకను రాలేదు. అతడు అడుగుటకే వచ్చినాడు, ఆమె మనస్సులో మరియొకరు లేరు. వ్రాసిన ఉత్తరమునకు క్షమింపుమన్న ఒక్క మాట అతని నోట వచ్చియుండినచో ఆమె కాదనియుండదని నా దృఢవిశ్వాసము. ఆ మాటకు మారుగా అతడు వివాహమును వరప్రసాదమువలె చూపినాడు. ఇరువురి అభిమానములను ఒకే త్రాసున తూచువారితో నేను ఏకీభవింపను. పార్వతిది గాయపడిన ఆత్మగౌరవము. ఆ గాయము చేసినది దేవదాసు దర్పము. అయినను ఆ గట్టున ఆమె అన్న ప్రతి మాటయు పిదప హాతీపోతా ఇంటిలో ఆమెనే దహించినది.

తరువాతి కథ లోకవిదితము: కలకత్తా, వేశ్య చంద్రముఖి, మద్యము, చివరకు పాండువా స్టేషనులో దిగి ఎడ్లబండిపై చేసిన ప్రయాణము, పార్వతి ఇంటి ముంగిట రావిచెట్టు క్రింద మరణము. మన ప్రేక్షకులు ఏడ్చునది ఇచ్చటనే, ఏడువదగినదియే. కాని ప్రేమించిన పిల్లను అవమానించి, కొట్టి, పిమ్మట సీసా పట్టినవానిని త్యాగమూర్తిగా కొలుచుట మన యువకులకు మేలు చేయలేదని నేను నిస్సంకోచముగా చెప్పగలను. నవలను మరల చేతబట్టు పాఠకులు ఆ రావిచెట్టు చెంతకు తొందరపడక, ఆ ఉత్తరమును, ఆ చెరువుగట్టు సంభాషణను నెమ్మదిగా చదువవలెనని నా మనవి.