నేర్చిన విద్య నలుగురిది

కలకత్తా మహానగరంలో హుగ్లీ నదికి సమీపాన వాట్‌గంజ్ అనే పేట ఉన్నది. 18వ శతాబ్ది చివరలో ఈ ప్రాంతంలో ఓడల నిర్మాణానికి పూనుకొన్న హెన్రీ వాట్సన్ పేరే దీనికి స్థిరపడింది. పొరుగుననే 1892లో ఖిదిర్‌పూర్ రేవు ప్రారంభమైంది. ఓడలు సరకులను దేశదేశాలకు చేర్చే ఈ నగరంలో, విదేశాల నుండి విద్యను తెచ్చుకోవాలన్న ఆకాంక్ష కూడా మొలకెత్తింది.

1904లో యోగేంద్రచంద్ర ఘోష్ ఇచ్చట ఒక సంఘాన్ని స్థాపించి, పారిశ్రామిక విద్యకై భారతీయ యువకులను విదేశాలకు పంపనారంభించారు. నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న జెస్సోరు ప్రాంతీయుడైన మన్మథనాథ ఘోష్ 1906లో జపాను వెళ్ళి పరిశ్రమల మెలకువలు అభ్యసించారు. స్వదేశానికి తిరిగివచ్చి జెస్సోరులో దువ్వెనలు, బొత్తాలు, చాపలు తయారుచేసే కర్మాగారాన్ని నెలకొల్పారు. అంతటితో తృప్తి చెందక, 1910లో ‘జాపాన్ ప్రవాస్’ అనే గ్రంథాన్ని వంగభాషలో ప్రకటించారు. కర్మాగారం కొందరికే పని కల్పించగలదు. గ్రంథమైతే ఓడ ఎక్కలేని వారికి సైతం ఆ దేశపు శ్రమను, క్రమశిక్షణను పరిచయం చేయగలదు.

ఈ చైతన్యం వంగదేశానికే పరిమితం కాలేదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రతీరంలో పర్యటించి స్వదేశీ సందేశాన్ని వినిపించారు. 1910లో మచిలీపట్నంలో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల అక్షరవిద్యతోపాటు వృత్తివిద్యను కూడా బోధించింది.

యంత్రాన్ని ధనంతో కొనవచ్చును. దానిని నడిపే నేర్పు మాత్రం ఒకరు మరొకరికి అందించవలసినదే. పరిశ్రమ, రచన, బోధన చేయి కలిపినప్పుడే పరదేశంలో నేర్చిన విద్య స్వదేశానికి సంపద కాగలదు.