స్టుట్‌గార్ట్‌లో తాళాలు... సెరంగూన్‌లో నిమ్మకాయలు

కొత్త స్పోర్ట్స్ కారును ఫ్యాక్టరీ గుమ్మంలో అందుకుని, ఐరోపా కొండలెక్కించి, ఓడలో సింగపూర్ చేర్చాలంటే ఏమేం దాటాలి?

సింగపూర్‌లో కొత్త స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకు దాన్ని అందుకోవడానికి రెండు దారులున్నాయి. డీలర్ దగ్గర బుక్ చేసి, నెలల తరబడి ఎదురుచూసి, నంబర్ ప్లేటు బిగించిన బండిని షోరూమ్‌లో తీసుకోవడం మొదటిది. కొన్నవాళ్లలో దాదాపు అందరూ చేసేది అదే. రెండోది అరుదు. కారు పుట్టిన ఊరికే వెళ్లి తాళాలు తీసుకుని, రెండు మూడు వారాలు అక్కడి రోడ్ల మీద తిరిగి, తర్వాత బండిని ఓడెక్కిస్తారు. డబ్బు లెక్కలో చూస్తే రెండో దారి నష్టమే. అయినా ఆ దారి పట్టేవాళ్లు ఉన్నారంటే దానికి కారణం ద్వీపం కొలతల్లోనే ఉంది.

సింగపూర్ పొడవు సుమారు 50 కిలోమీటర్లు, వెడల్పు 27. ఎక్స్‌ప్రెస్‌వేల మీద గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువే. కొండ రోడ్డంటూ చెప్పుకోదగ్గది లేదు. మూడొందల పైచిలుకు కిలోమీటర్ల వేగానికి రూపుదిద్దిన యంత్రం ఇక్కడ జీవితమంతా సిగ్నళ్ల మధ్య, బహుళ అంతస్తుల పార్కింగుల్లో గడిపేస్తుంది. కాబట్టి పుట్టిన చోట గడిపే ఆ కొన్ని రోజులే దానికి తన పని తాను చేసే అవకాశం. కార్లను ప్రేమించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఒక్క కాగితం, నాలుగున్నర రెట్లు

ప్రయాణం మొదలయ్యేది విమానాశ్రయంలో కాదు, ఆర్డర్ ఫారం దగ్గర. స్టీరింగ్ కుడివైపు ఉండాలని ముందే రాయించాలి. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న కార్లను సింగపూర్ మామూలుగా రిజిస్టర్ చేయదు. ఆ తర్వాత వచ్చేది అదనపు హంగుల జాబితా: సీట్ల తోలు, వాటి మీది రంగు దారపు కుట్టు, సిరామిక్ బ్రేకులు, మంచి స్పీకర్లు. మరో దేశంలో ఈ జాబితా సరదాగా నింపేదే. సింగపూర్ కొనుగోలుదారు మాత్రం ప్రతి గడి దగ్గరా పెన్ను ఆపి లెక్క వేసుకోవాలి. అలా ఆపించేది ‘ఓపెన్ మార్కెట్ వాల్యూ’. అందరూ ఓఎంవీ అనే అంటారు.

ఓఎంవీని నిర్ణయించేది సింగపూర్ కస్టమ్స్. కారుకు చెల్లించిన ధరతో పాటు ఓడ కిరాయి, బీమా, అమ్మకానికీ చేరవేతకూ అయిన ఇతర ఖర్చులు అందులోకి వస్తాయి. మిగతా పన్నులన్నీ దీని మీదే నిలబడతాయి. ఓఎంవీ మీద 20 శాతం ఎక్సైజ్ సుంకం. ఆ రెండూ కలిపిన మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. ఆపైన ‘అడిషనల్ రిజిస్ట్రేషన్ ఫీ’, వాడుకలో ఏఆర్‌ఎఫ్. అసలు బరువు దీనిదే. 2023 ఫిబ్రవరి నుంచి దీనికి అయిదు మెట్లు: ఓఎంవీలో మొదటి 20,000 సింగపూర్ డాలర్లకు 100 శాతం, తర్వాతి 20,000కు 140, ఆ తర్వాతి 20,000కు 190, ఆపై 20,000కు 250, 80,000 దాటిన ప్రతి డాలరుకూ 320 శాతం.

లక్ష డాలర్ల ఓఎంవీ ఉన్న కారుకు ఈ లెక్క కట్టి చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. మెట్ల వరసన 20,000, 28,000, 38,000, 50,000, 64,000. మొత్తం ఏఆర్‌ఎఫ్ సరిగ్గా రెండు లక్షలు. ఎక్సైజ్ 20,000. జీఎస్టీ 10,800. రిజిస్ట్రేషన్ రుసుము 350. అంటే లక్ష డాలర్ల కారు 3,31,150కి చేరింది. కాలుష్యాన్ని బట్టి వేసే రుసుము వేరే. ఇంకా రోడ్డెక్కే హక్కు కొననేలేదు.

ఇప్పుడు సీటు తోలు దగ్గరికి వద్దాం. ఈ కారుకు మరో 10,000 డాలర్ల హంగులు చేర్చారనుకుంటే ఆ సొమ్మంతా పై మెట్టులోనే పడుతుంది. దాని మీద ఎక్సైజ్ 2,000, జీఎస్టీ 1,080, ఏఆర్‌ఎఫ్ 32,000. పదివేల సరదా 45,080 డాలర్లవుతుంది. ఇదే సూత్రం ఓడ కిరాయికీ వర్తిస్తుంది: కిరాయి వెయ్యి డాలర్లు పెరిగితే కొన్నవాడి జేబులోంచి పోయేది 4,508. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతగా మనిషి చేతిని పట్టి ఆపే కాగితం మరొకటి లేదు. దారపు కుట్టు ఎర్రగా ఉండాలా నల్లగా ఉండాలా అన్న ఇష్టానికి కూడా ఇక్కడ నాలుగున్నర రెట్ల ధర ఉంది.

రోడ్డెక్కే హక్కు పేరు ‘సర్టిఫికెట్ ఆఫ్ ఎన్‌టైటిల్‌మెంట్’, అంటే సీఓఈ. 1990 మేలో మొదలైన ఈ పద్ధతిలో నెలకు రెండుసార్లు వేలం జరుగుతుంది. గెలిచినవాళ్లు కారును పదేళ్లు నడుపుకోవచ్చు. పెద్ద కార్ల వర్గమైన ‘బి’లో 2023 అక్టోబరు రెండో వేలంలో ధర 1,50,001 డాలర్లకు చేరింది. గెలిచిన సీఓఈని గడువులోగా వాడుకోవాలి కాబట్టి, ఓడ ఎప్పుడొస్తుందన్నది వేలం లెక్కల్లోకీ వస్తుంది.

విదేశంలో అందుకోవడం వల్ల మరో చిక్కు ఉంది. ఇంకో దేశంలో రిజిస్టరై వచ్చిన కారును సింగపూర్ వాడిన కారుగానే చూస్తుంది. వాడిన కార్లలో మూడేళ్లలోపువాటినే రానిస్తారు, 10,000 డాలర్ల సర్‌చార్జి కట్టించుకుంటారు. రెండు వారాల విహారం తర్వాత, లోపల తోలు వాసన ఇంకా తగ్గని బండి, కాగితాల్లో సెకండ్‌హ్యాండ్ అయి కూర్చుంటుంది. మన లెక్కకు ఈ సర్‌చార్జి, ఆ సీఓఈ ధర కలిపితే 4,91,151 డాలర్లు. అయిదు రెట్లకు అడుగు దూరం.

తాళాలు చేతికొచ్చే చోట

ఫ్యాక్టరీలో కారు అప్పగించడం ఐరోపా కంపెనీలకు పాత ఆచారమే. యుద్ధానంతర దశకాల్లో అమెరికన్లు ఇలా కార్లు తీసుకుని ఐరోపా తిరిగి ఇంటికి పంపించుకునేవారు. మ్యూనిక్‌లో 2007 అక్టోబరులో తెరిచిన ‘బీఎండబ్ల్యూ వెల్ట్’ ఈ వేడుక కోసమే కట్టిన భవనం. అమెరికన్ల కోసం నడిపిన ఐరోపా డెలివరీ పథకాన్ని అదే కంపెనీ 2020లో ఆపేసింది. వోల్వో గోథెన్‌బర్గ్‌లో కొనసాగించింది. ఏ దేశపు కొనుగోలుదారుకు ఈ వీలుంటుందన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి, స్థానిక డీలర్ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది.

స్పోర్ట్స్ కార్ల వరకు అందరి నోటా వినిపించే పేరు పోర్షే. 911 తయారయ్యేది స్టుట్‌గార్ట్ శివారు జుఫెన్‌హౌసెన్‌లో. లైప్‌జిగ్ ఫ్యాక్టరీకైతే సొంత రేస్ ట్రాక్ ఉంది. తన బండి లాంటిదే మరో బండిలో, శిక్షకుడి పక్కన కూర్చుని మలుపులు నేర్చుకున్నాకే తాళాలు తీసుకోవచ్చు. కుడివైపు స్టీరింగ్ ఇబ్బంది వద్దనుకుంటే బ్రిటన్ ఉండనే ఉంది. లోటస్ ఫ్యాక్టరీ నార్ఫోక్‌లోని హెథెల్‌లో ఉంది. అక్కడ రోడ్డూ స్టీరింగూ సింగపూర్ తీరే.

ఎర్రగీత ఉన్న ప్లేటు

జర్మనీ నుంచి బయటికి తీసుకెళ్లే కారుకు ఎగుమతి నంబర్ ప్లేటు ఇస్తారు. తెల్ల రేకు. జర్మనీ కార్లన్నిటికీ ఎడమ అంచున కనిపించే నీలం పట్టీ, చుక్కల వలయం దీని మీద ఉండవు. ముందు ఊరి అక్షరం, స్టుట్‌గార్ట్ అయితే ఎస్. తర్వాత అంకెలు, చివర ఒక అక్షరం. కుడి అంచున నిలువుగా ఎర్ర పట్టీ, దాని మీద నల్లగా మూడు వరసల్లో అంకెలు: రోజు, నెల, సంవత్సరం. ఆ తేదీతో బీమా ముగుస్తుంది, ప్లేటు ప్రాణం పోతుంది. ఆ లోపు కారు జర్మనీ దాటాలి. రోడ్డు మీద వెనక వచ్చే ప్రతి ఒక్కరికీ కనిపించేలా గడువు మోసుకుని తిరిగే బండి అది. ఎగుమతి రుజువైతే జర్మనీ 19 శాతం వ్యాట్ భారం తప్పుతుంది కాబట్టి సరిహద్దు కాగితాలన్నీ జాగ్రత్తగా దాచుకోవాలి.

నాలుగు వేల దగ్గర ఆగే ముల్లు

కొత్త ఇంజిన్‌ను మొదట్లోనే తొక్కిపట్టకూడదు. మొదటి 3,000 కిలోమీటర్లు నిమిషానికి 4,000 చుట్లు దాటించవద్దని పోర్షే తన 911 యజమానులకు చెబుతుంది. జర్మనీ ఆటోబాన్‌లో సుమారు 70 శాతానికి శాశ్వత వేగ పరిమితి లేదు. అయినా ఫ్యాక్టరీ గేటు దాటిన కారుకు ఆ స్వేచ్ఛ పూర్తిగా వాడుకునే వీల్లేదు. ఈ నియమం యాత్ర స్వభావాన్నే మారుస్తుంది, మంచికే మారుస్తుంది. వేగం కోసం వచ్చినవాళ్లు గేర్లు, గాలి, రోడ్డు వాలు గమనిస్తూ నడపడం నేర్చుకుంటారు. ఒకే వేగంతో సాగే హైవే కంటే ఎక్కుతూ దిగుతూ పోయే కొండ రోడ్డే కొత్త ఇంజిన్‌కూ మేలు.

అలాంటి రోడ్లు స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన కావలసినన్ని. ఆస్ట్రియాలో 1935లో తెరిచిన గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు 48 కిలోమీటర్లలో 36 పెద్ద మలుపులు తిరుగుతుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు. ప్రాటో వైపు నుంచి ఎక్కితే 48 మలుపులు, ప్రతి మలుపుకూ ఒక అంకె. చలికాలమంతా రెండూ మంచు కింద మూతపడి ఉంటాయి. కాబట్టి కారు తీసుకునే తేదీని వేసవికి కుదుర్చుకోవాలి.

ఈ మలుపుల్లోనే కుడివైపు స్టీరింగ్ తన సంగతి చూపిస్తుంది. బండి రోడ్డుకు కుడిపక్కన, డ్రైవరూ కుడి సీట్లో. రాతిగోడో లోయ అంచో చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో మొదట కనిపించేది ఎడమ సీట్లో ఉన్నవాళ్లకు. “ఆగండి, బస్సొస్తోంది... ఇప్పుడు పోనివ్వండి” అని భార్య చెబితే తప్ప కదలలేని డ్రైవింగ్ అది. టోల్ బూతు దగ్గర చీటీ అందుకోవలసిందీ ఆవిడే. హెడ్‌లైట్ల వెలుగు ఎడమ అంచుకు వాలేలా అమర్చి ఉంటుంది కాబట్టి, ఎదుటివాళ్ల కళ్లల్లో పడకుండా ముందే సెట్టింగ్ మార్చుకోవాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను సింగపూర్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది.

యాత్ర ముగిశాక కారు బ్రెమర్‌హావెన్ లాంటి రేవుకు చేరుతుంది. కంటైనర్‌లో పెట్టి పంపవచ్చు, లేదా కార్లు సరాసరి నడిచి ఎక్కే ఓడలో పంపవచ్చు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు ఆఫ్రికాను చుట్టి రావడంతో ప్రయాణం వారాల కొద్దీ పెరిగింది. సింగపూర్ రేవులో దిగాక కస్టమ్స్ విలువ కట్టడం, తనిఖీ, పన్నులు, సీఓఈ, రోడ్డు పన్ను, బీమా, టోల్ వసూలు చేసే పరికరం బిగింపు వరసగా జరుగుతాయి. ఎర్రగీత ప్లేటు ఊడదీసి ఎస్ అక్షరంతో మొదలయ్యే సింగపూర్ ప్లేటు బిగిస్తారు. దాని చివరి అక్షరం ముందున్న అక్షరాలు, అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది.

తెలుగిళ్లలో అయితే ఇంకో పని మిగిలి ఉంటుంది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. ఆల్ప్స్ ఎక్కి, సముద్రాలు దాటి వచ్చిన బండికి అక్కడ పసుపు, కుంకుమ, పూలదండ పడతాయి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, మెల్లగా ముందుకు పోనిస్తారు.

బాక్స్: రోడ్డు మీదే వచ్చినవాళ్లు

ఓడ లేకుండా ఐరోపా నుంచి సింగపూర్ చేరడం అసాధ్యమేమీ కాదు. 1955 సెప్టెంబరు 1న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి బయల్దేరి, 1956 మార్చి 6న సింగపూర్ చేరారు. వాటిలో ఒక బండి 2019లో ఎదురుదారిలో సింగపూర్ నుంచి లండన్ వెళ్లింది. సింగపూర్ దాకా రాకపోయినా, 2018లో హైదరాబాద్ నుంచి బైకర్ జై భారతితో కలిపి మొత్తం నలుగురు మహిళలు మోటార్‌సైకిళ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం వరకు సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగారు. ఇలాంటి దారుల్లో చాలా దేశాలు ‘కార్నే’ అడుగుతాయి. అది బండికి పాస్‌పోర్టు లాంటి పుస్తకం. ఒక్కో పేజీ మూడు ముక్కలు. దేశంలోకి వచ్చేటప్పుడు కింది ముక్క, వెళ్లేటప్పుడు మధ్య ముక్క కస్టమ్స్ చింపుకుంటుంది. రెండు ముద్రలూ పడిన పై ముక్క యజమాని దగ్గర మిగులుతుంది. బండిని ఆ దేశంలో అమ్మలేదని చెప్పే సాక్ష్యం అదే.

బాక్స్: ముప్పావు ట్యాంకు

ఇంటికి వచ్చిన కారుకు కాళ్లు చాపుకునే చోటు మలేసియా. 1924లో తెరిచిన వుడ్‌లాండ్స్ కాజ్‌వే, 1998లో తెరిచిన తువాస్ వంతెన అక్కడికి దారులు. పొరుగున పెట్రోలు చౌక కాబట్టి సింగపూర్ కార్లు ఖాళీ ట్యాంకుతో సరిహద్దు దాటకుండా 1989లో సగం ట్యాంకు నియమం పెట్టారు, 1991లో దాన్ని ముప్పావు చేశారు. చెక్‌పాయింట్ దగ్గర అధికారి ఇంధనం ముల్లు చూస్తారు. అది ముప్పావుకు కింద ఉంటే 500 డాలర్ల దాకా జరిమానా వేసి, బండిని వెనక్కి తిప్పి పంపవచ్చు. 2025 జులై 1 నుంచి మలేసియా తన ప్రవేశ పర్మిట్ లేని సింగపూర్ కార్ల మీదా జరిమానా వేస్తోంది.